వెనక్కి తిరిగి చూడొద్దన్నారు మరి!

1323లో ఓరుగల్లు కూలింది. ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ప్రాణాలు అరచేత పెట్టుకుని గోదావరి దాటి అడవి పట్టాడు. బస్తర్ రాజవంశం తన పుట్టుక గురించి చెప్పుకునే కథ ఇది. అప్పుడు అమ్మవారు ఒక మాట అన్నదట. నువ్వు ముందు నడువు, నేను వెనక వస్తాను, నా గజ్జెల చప్పుడు నీకు వినిపిస్తూనే ఉంటుంది, నువ్వు నడిచినంత మేరా నీ రాజ్యమే, కానీ వెనక్కి మాత్రం తిరిగి చూడకు. శంఖినీ డంకినీ కలిసేచోట ఏటి ఇసకలో అమ్మ కాలు కూరుకుపోయింది. గజ్జె మోగలేదు. రాజు ఆగలేకపోయాడు, తిరిగి చూశాడు. అమ్మ అక్కడే నిలిచిపోయింది. ఆ చోటే దంతేవాడ, ఆ అమ్మే దంతేశ్వరి.

ఏడు వందల ఏళ్ళనాటి ఆ షరతును ఈ రోజుకీ పొల్లుపోకుండా పాటిస్తున్నవాళ్ళు ఉన్నారు. రాజవంశం వాళ్ళు కాదు, పూజారులు కాదు. పాత గుళ్ళకూ పాత మేడలకూ పూత వేసే కాంట్రాక్టర్లు, ఆ పూతకు కొలతలు రాసి బిల్లు దాటించే ఇంజనీర్లు. పని అయింది, ఫొటో దిగింది, బిల్లు వచ్చింది. ఇక ఆ గోడ వైపు తలతిప్పి చూసినవాడు ఒక్కడుంటే చూపించండి, దంతేశ్వరి గుడి ముందరి గరుడ స్తంభం దగ్గర నేను పొర్లుదండాలు పెడతాను.

ఆ మధ్య బస్తర్‌లో ఒక పాత గుడికి వెళ్ళాను. ఊరు పేరు చెప్పను. చెబితే పక్క ఊరివాళ్ళు తమది కానందుకు నొచ్చుకుంటారు, ఎందుకంటే వాళ్ళ గుడీ అలాగే ఉంది. ఇసకరాతి గోడ. ద్వారం పక్కన ఒక స్త్రీమూర్తి, నడుం మీద చెయ్యి, కాస్త వంచిన మెడ. ఎన్నో వందల వానాకాలాలు ఆవిడ అలాగే నిలబడింది. ఈసారి వెళ్ళేసరికి ఆవిడకు ఒళ్ళంతా సిమెంటు, ఆపైన అరిటిపండు రంగు ఎనామిల్ పెయింటు. పెదవులకు ఎరుపు. కళ్ళకు నల్లరంగుతో గుడ్లు కూడా దిద్దారు. ఒక గుడ్డు దక్షిణం చూస్తోంది, రెండోది రాయపూర్ వైపు.

అక్కడ సూపర్‌వైజరు మనవాడే. నా తెలుగు వినగానే కుర్చీ తెప్పించాడు, టీ తెప్పించాడు. "రాయి పొడిపొడిగా రాలిపోతోంది సార్, చూడలేక సిమెంటు కొట్టించాం" అన్నాడు. అరచేత్తో గోడను గట్టిగా చరిచి, "ఇప్పుడు చూడండి, రాయికంటే గట్టి" అన్నాడు.

రోగం పేరు అతనే చెప్పాడు, పాపం. రాయికంటే గట్టి. అదే రోగం.

పాత మేస్త్రీలకు ఒక లెక్క ఉండేది. పూత ఎప్పుడూ రాయికన్నా మెత్తగా ఉండాలి, అతుకు ఇటుకకన్నా మెత్తగా ఉండాలి. దెబ్బ తగిలితే పూత పోవాలి, రాయి మిగలాలి. యజమానికి తగలాల్సిన దెబ్బను ఒంటిమీది కంబళి తిన్నట్టు. సున్నపు పూత అలాంటిది. రాయి కింద నేల తేమను పీల్చుతుంది, పైన వాన నీళ్ళు తాగుతుంది. తాగిన నీరు ఎండకు ఆవిరై పోవాలి. సున్నం దానికి దారి ఇస్తుంది. సిమెంటు ఇవ్వదు. దారి మూసుకున్న నీరు సిమెంటు వెనకాలే నిలిచి, అటూ ఇటూ తిరిగి, కప్పని రాతిలోంచి బయటికి వస్తుంది. వస్తూ వస్తూ ఉప్పును మోసుకొస్తుంది. సిమెంటులో కరిగే లవణాలు కూడా దానికి తోడవుతాయి. నీరు ఎండిపోయాక ఆ ఉప్పు రాతి రంధ్రాల్లో గడ్డకట్టి, ఉబ్బి, రాయిని లోపలినుంచి పొరలుపొరలుగా నెడుతుంది. బస్తర్‌లో ఏటా పధ్నాలుగు వందల మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడుతుంది. కాబట్టి ఉప్పుకు అక్కడ పనికి కొదవ లేదు. కొన్నేళ్ళకు సిమెంటు పెచ్చు ఊడుతుంది. ఉత్త చేతులతో ఊడదు, అంటుకున్న రాతి చర్మాన్ని కూడా వెంట తీసుకుపోతుంది.

అప్పుడు ఆఫీసులో ఫైలు కదులుతుంది. రాయి మరింత రాలుతున్నది, కావున మరింత సిమెంటు అవసరం. జ్వరం వచ్చినవాడికి రగ్గు కప్పి, ఒళ్ళు కాలుతోందని ఇంకో రగ్గు కప్పే వైద్యం ఇది. రోగి పోయేదాకా బిల్లులు ఆగవు.

"మరి సున్నం వేయొచ్చు కదయ్యా" అన్నాను. సూపర్‌వైజరు జాలిగా చూశాడు. "సున్నం ఎవరు చేస్తారు సార్ ఈ రోజుల్లో?"

నిజమే, చేయడం కష్టం. సిమెంటుదేముంది, సంచి కోసి, నీళ్ళు పోసి, కలిపితే మధ్యాహ్నానికి బిగుస్తుంది. గానుగ సున్నం అలా కాదు. సున్నపురాయిని బట్టీలో కాల్చాలి. నీళ్ళలో వేసి చంపాలి. అవును, మేస్త్రీలు సున్నాన్ని చంపడం అనే అంటారు. వారాల తరబడి నాననివ్వాలి. గుండ్రటి కాలువలో ఇసక కలిపి పోసి, ఎద్దులను కట్టి రాతి చక్రం తిప్పుతూ వెన్నలా రుబ్బాలి. కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోయాలి. కొన్నిచోట్ల మినప్పిండి, మేలురకం నునుపు పూతకు కోడిగుడ్డు సొన. గోడకు పట్టించాక నెలల పాటు గాలి పీల్చుకుంటూ అది మెల్లగా మళ్ళీ రాయి అవుతుంది. రాయిగా పుట్టి, కాలి, చచ్చి, తిరిగి రాయి అవుతుంది. అంత పునర్జన్మ జరిగేదాకా ఏ ఆర్థిక సంవత్సరం ఆగుతుంది? మార్చి 31 ఆగదు.

అయితే ఇందులో ఒక వింత ఉంది. సున్నపురాయి బస్తర్‌లో దొరకదా అంటే, కాంగేర్ లోయలో కుటుంసర్ గుహ మొత్తం సున్నపురాయే. టికెట్టు కొనుక్కుని దాని కడుపులోకి దిగి చూసొస్తున్నాం. ఇసక లేదా అంటే, ఇంద్రావతి ఉంది. కరక్కాయ లేదా అంటే, ఆ అడవి నిండా అదే. అక్కడ దాన్ని హర్రా అంటారు. ఆదివాసీలు ఏరి సంతకు తెస్తారు, దానికి ప్రభుత్వం మద్దతు ధర కూడా ఇస్తుంది. ఆ కరక్కాయ లారీ ఎక్కి కేశకాల్ ఘాట్ దిగి మైదానానికి పోతుంది. సిమెంటు బస్తా లారీ ఎక్కి అదే ఘాట్ మీదుగా పైకి వస్తుంది. మలుపులో రెండు లారీలూ ఒకదానికొకటి హారన్ కొట్టుకుంటాయి. గుడికి కావలసింది పోతోంది, గుడిని చంపేది వస్తోంది. రెండింటికీ చెల్లాల్సిన పన్ను చెల్లుతోంది కాబట్టి అందరూ క్షేమం.

దంతేశ్వరి గుడిలో ప్యాంటు వేసుకున్న మగవాణ్ణి గర్భగుడిలోకి రానివ్వరు, ధోవతి కట్టాల్సిందే. నేనూ కట్టాను, రెండుసార్లు ఊడింది. మంచి నియమమే, నాకేం అభ్యంతరం లేదు. నాదల్లా ఒక చిన్న సందేహం. మనిషి నైలాన్ ప్యాంటుతో లోపలికి పోతే అపచారమైనప్పుడు, దేశంలో ఇన్ని గుళ్ళ రాతిగోడలు ప్లాస్టిక్ పెయింటు కట్టుకుని నిలబడితే అలంకారం ఎలా అయింది? గోడలకు కూడా ఒక ధోవతి నియమం పెట్టకూడదా?

ఆ గుడి ముందే గరుడ స్తంభం ఉంది. దానికి వీపు ఆనించి, చేతులు వెనక్కి చాపి, వేళ్ళు కలిస్తే కోరిక తీరుతుందంటారు. రోజూ ఎంతమంది వీపులు, ఎంతమంది అరచేతులు, ఎంత చెమట, ఎంత కొబ్బరినూనె! రాతిని నునుపు చేసే సాన యంత్రం కూడా అంత శ్రద్ధగా పని చేయదు. అయినా భక్తుణ్ణి నేనేమీ అనను. వాడు ప్రేమతో అరగదీస్తున్నాడు. టెండరు వేసి అరగదీయడం లేదు.

బస్తర్‌లోనే ఉన్న బార్సూర్ సంగతి చెప్పకపోతే ఈ కోపానికి అర్థం ఉండదు. అక్కడ మామా భాంజా గుడి, ముప్ఫై రెండు స్తంభాల బత్తీసా గుడి, మనిషికన్నా ఎత్తు కూర్చున్న గణపతి ఉన్నాయి. తెలుగువాళ్ళు తెలుసుకోవాల్సింది వేరే ఉంది. 1060 నాటికి, అంటే అన్నమదేవుడు అటు రావడానికి రెండున్నర శతాబ్దాల ముందే, నాగవంశపు రాజు జగదేకభూషణ ధారావర్షుడి కింద చంద్రాదిత్యుడనే తెలుగు చోళ సామంతుడు అక్కడ గుడి కట్టించాడు, చెరువు తవ్వించాడు. ఆ సంగతి చెప్పే శాసనం తెలుగులో ఉంది. ఇప్పుడు మనవాళ్ళు విశాఖ నుంచి చిత్రకోట్ జలపాతం చూడటానికి బండి కట్టుకుని వెళ్ళి, బార్సూర్‌లో దిగి, గణపతి ముందు సెల్ఫీ తీసుకుని, "ఇక్కడ మన భోజనం దొరుకుతుందా" అని అడిగి వస్తారు. మన అక్షరం దొరుకుతుందా అని అడిగినవాణ్ణి చూడలేదు.

అదే బస్తర్‌లో నారాయణపాల్ విష్ణ్వాలయంలో 1111 నాటి శాసనం ఉంది. ఆ ధారావర్షుడి భార్య, రాజు సోమేశ్వరుడి తల్లి గుండమహాదేవి దేవుడికి ఒక ఊరినే ఇచ్చింది. ఊరు ఎందుకు? గుడి కట్టడం ఒక్కసారి పని, నిలబెట్టడం ఏటేటా పని అని ఆనాటివాళ్ళకు తెలుసు. అందుకే పాత దానశాసనాల్లో ఖండస్ఫుటిత జీర్ణోద్ధారం అనే మాట పదేపదే వస్తుంది. విరిగింది, పగిలింది, పాతబడింది బాగుచేయడానికి అని. బడ్జెట్ పద్దు అన్నమాట. వెయ్యేళ్ళ కింద రాజులు శిల్పి కూలితో పాటు పగుళ్ళకు కూడా పద్దు రాశారు. ఇవాళ ప్రారంభోత్సవానికి పద్దు ఉంది, విద్యుద్దీపాలకు ఉంది, స్వాగత తోరణానికి ఉంది. పైకప్పు మీద మొలిచిన రావిమొక్కను వేరుతో పీకే మనిషికి మాత్రం లేదు. ఆ మొక్క పీకడానికి ఒక కూలీకి ఒక పూట చాలు. పీకకపోతే పదేళ్ళకు అదే చెట్టై శిఖరాన్ని చీలుస్తుంది. అప్పుడు కోటి రూపాయల పని వస్తుంది. కోటికి శిలాఫలకం ఉంటుంది. మొక్క పీకినవాడికి ఎవడు ఫలకం వేయిస్తాడు?

ఆ శాసనాల చివర మరో మాట ఉంటుంది. దానం ఇవ్వడంకన్నా ఇచ్చినదాన్ని కాపాడటం గొప్పదని. కాజేసినవాడు అరవై వేల ఏళ్ళు అశుద్ధంలో పురుగై పుడతాడని. మన చట్టం ఇంకా దయగలది. 1958 నాటి పురావస్తు కట్టడాల చట్టం ప్రకారం రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే ఒకప్పుడు మూడు నెలల జైలు, లేదా ఐదు వేల జరిమానా, లేదా రెండూ. 2010 సవరణతో అది రెండేళ్ళు, లక్ష రూపాయలు అయింది. నీలం బోర్డు మీద రాసి ఉంటుంది, చదవవచ్చు. రెండేళ్ళా, అరవై వేల ఏళ్ళా అని నేరస్తుడికి ఎంచుకునే అవకాశం కూడా ఉంది. పేరు గీకిన ప్రేమికుడు దొరికితే రెండేళ్ళ బోర్డు చూపిస్తారు. పూతపూసి మొత్తం గోడనే మింగినవాడికి దండ వేస్తారు. అరవై వేల ఏళ్ళ శాపమే గనక నిజంగా అమల్లో ఉంటే, ఈపాటికి దేశంలో పురుగులకు చోటు చాలేది కాదు.

బస్తర్ రాజు దిక్పాలదేవుడిది ఇంకో కథ. 1703లో దంతేవాడలో సంస్కృత శాసనం వేయించాడు. కలికాలంలో సంస్కృతం చదివేవాళ్ళు తగ్గారని, అదే విషయాన్ని దేశభాషలో కూడా చెక్కించాడు. చదివేవాడి మీద అంత గౌరవం! ఇప్పుడు చదివేవాళ్ళు ఇంకా తగ్గారు కాబట్టి మన పద్ధతి ఇంకా సులువు. అక్షరాల మీదే రంగు వేస్తే సరి, చదవలేదన్న బాధ ఎవరికీ ఉండదు.

జగదల్‌పూర్ మహల్ ఆవరణలో 1966 మార్చి 25న పోలీసు కాల్పుల్లో బస్తర్ మాజీ రాజు ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్, ఆయనతో పాటు ఆదివాసీలు చనిపోయారు. అలాంటి చరిత్ర ఉన్నచోట గోడ గీకితే రాలేది సున్నం కాదు, వాఙ్మూలం. దాన్ని నున్నగా పూయడం అందం కోసమే అంటే నేను నమ్ముతాను. నేను అన్నీ నమ్ముతాను.

ఇది మన ఒక్కరి తెలివి అనుకుని గర్వపడనక్కర్లేదు. ఏథెన్స్‌లో పార్థినాన్‌కు గత శతాబ్దపు తొలి దశాబ్దాల్లో బాలానోస్ అనే ఇంజనీరు ఇనప బందులు వేశాడు. పాత గ్రీకులు ఇనుముకు సీసం తొడిగి వాడారు. ఈయనకు ఆ ఓపిక లేదు. ఇనుము తుప్పుపట్టి ఉబ్బి చలువరాయిని చీల్చింది. తరవాతి తరం దశాబ్దాలుగా ఆ ఇనుము ఊడదీసి టైటానియం పెడుతోంది. తేడా ఏమిటంటే, వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. స్పెయిన్‌లో బోర్హా అనే ఊళ్ళో 2012లో ఒక పెద్దావిడ చర్చి గోడ మీది క్రీస్తు బొమ్మను బాగుచేయబోతే అది కోతి ముఖమై కూర్చుంది. ప్రపంచమంతా నవ్వింది, తరవాత దాన్ని చూడటానికే జనం బారులు తీరారు. ఆ లెక్కన మన జిల్లాల్లో వీధికో బోర్హా ఉంది. పర్యాటక శాఖలకు ఇంకా ఈ వ్యాపారం తట్టలేదు.

మన ఇంటి సంగతి కూడా చెప్పాలి కదా. 1591 నాటి చార్మినార్ మీదినుంచి 2019 మే మొదట్లో ఒక మినారు గచ్చుపూత పెళ్ళ ఊడిపడింది. అదృష్టం, కింద ఎవరూ లేరు. రెండు రోజులు టీవీలు అక్కడే కాపరం పెట్టాయి. మూడో రోజు గాజులు, ముత్యాలు, మామూలే. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పారు, 2024 మార్చిలో తెరిచారు. పద్దెనిమిదేళ్ళు. అందరూ దాన్ని ఎగతాళి చేశారు, నేనూ చేశాను. ఇప్పుడు ఆ నవ్వును సగం వెనక్కి తీసుకుంటున్నాను. ఫైళ్ళ దుమ్ములో పోయిన ఏళ్ళకు క్షమాపణ లేదు, కానీ రాతికి నంబరు వేసి, తిరిగి దాని చోటునే పెట్టే పని అసలు నిదానంగానే సాగాలి. సిమెంటు పూసి పద్దెనిమిది రోజుల్లో అప్పగించేవాడి చేతిలో పడకపోవడం ఆ మండపం చేసుకున్న పుణ్యం. జాన్ మార్షల్ 1923లో పురావస్తు శాఖ కోసం రాసిన నియమావళిలో మన పని పాతదాన్ని కొత్తగా చేయడం కాదని, ఉన్నదాన్ని నిలపడమని చెప్పాడు. వందేళ్ళు దాటింది. ఆ పుస్తకం కూడా బీరువాలో భద్రంగా ఉండే ఉంటుంది. మనం నిజంగా చెక్కు చెదరకుండా కాపాడుకున్నది అదొక్కటే.

గమేవాడ, దిల్‌మిలీల్లో ఆదివాసీల స్మారక శిలలు రక్షిత కట్టడాలు. అవి కాక, బస్తర్ రోడ్ల పక్కన ఇప్పటికీ చనిపోయినవాళ్ళ పేర కొత్త స్తంభాలు లేస్తాయి. కొన్నిటి మీద సిమెంటు, రంగులు, పోయినవాడు నడిపిన మోటారు సైకిలు బొమ్మ. వీటిని చూసి ముక్కు విరిచే పట్నపు పెద్దమనుషులున్నారు. నేను విరవను. వాడి చావు వాడిది, వాడి రంగు వాడిష్టం. తన మనిషి జ్ఞాపకానికి తాను రంగు వేసుకోవడం వేరు, ఇంకెవడో వెయ్యేళ్ళ కింద చెక్కినదానికి టెండరు పిలిచి రంగు వేయడం వేరు.

బస్తర్‌లోనే ఢోల్‌కల్ కొండకొమ్మున కూర్చున్న గణపతిని 2017 జనవరిలో ఎవరో లోయలోకి తోసేశారు. ముక్కలైంది. ఆ ముక్కల్ని లోయంతా గాలించి ఏరి, జతచేసి, మళ్ళీ కొండెక్కించి కూర్చోబెట్టారు. ఇందులో వెటకారానికి చోటు లేదు. ముక్క ముక్కకూ వంగినవాళ్ళకు దండం.

కొంటా వైపు ఒక పల్లెలో మధ్యాహ్నం బండి చెడిపోయి ఆగాం. దోర్లా ఆదివాసీల ఇల్లు. ఇంటావిడ మట్టి, పేడ కలిపి గోడ అలుకుతోంది. ముందు పాత పూత మీద నీళ్ళు చల్లింది. లేచిన పెచ్చుల్ని గోటితో తీసింది. తడి గోడ మీద పలచగా, అరచేత్తో, కింద నుంచి పైకి పూసింది. ఎలుక తవ్విన చోట ఆగి, వేలు పెట్టి లోతు చూసి, చిన్న ముద్ద నింపింది. ఎంతకాలం ఉంటుందమ్మా అని అడిగాను.

"వానొచ్చే దాంక. పోతే మళ్ళ అలుకుతం గద అయ్యా" అంది, నాకేదో జబ్బన్నట్టు చూస్తూ.

ముందు తడపడం, వదులైనదే తీయడం, పలచగా వేయడం, గోడ దేనితో కట్టారో దానితోనే పూయడం, ఏటా చూసుకోవడం. కట్టడాల సంరక్షణ మీద సదస్సులు పెట్టి, హోటల్లో భోజనాలు పెట్టి, తెరమీద బొమ్మలు వేసి చెప్పేది ఈ ఐదే. ఆవిడకు మాత్రం పని అనుభవం సర్టిఫికెట్టు లేదు, జీఎస్టీ నంబరు లేదు, బయానా కట్టే స్తోమత లేదు. టెండరుకు అనర్హురాలు.

రెండు వానాకాలాలు గడిచాక ఆ అరిటిపండు రంగు గుడికి మళ్ళీ వెళ్ళాను. సూపర్‌వైజరు లేడు, ఇంకో జిల్లాకు బదిలీ. ద్వారం పక్కన స్త్రీమూర్తి ముఖం ఉండాల్సిన చోట తెల్లటి గుంట. కింద గడ్డిలో సిమెంటు పెచ్చు ఒకటి బోర్లా పడి ఉంటుందని వెతికాను, లేదు. గుడి వెనక రావిచెట్టు కింద కనిపించింది. ఎవరో తిరగేసి నిలబెట్టారు. లోపలివైపు ఇసకరాయి అంటుకుని, సిమెంటులో అచ్చుదిగినట్టు, సగం ముక్కు, ఒక పెదవి, వంచిన మెడ దగ్గరి గీత ఉన్నాయి. దానికి కుంకుమ బొట్టు పెట్టి, రెండు బంతిపూలు పెట్టారు. అగరువత్తి ఇంకా ఆరలేదు.

పక్కనే, చెట్టు నీడలో, తడవకుండా తాటిపత్రి కప్పిన కొత్త సిమెంటు బస్తాలు పదీ పన్నెండు ఉన్నాయి.